చేరినవారు ఆరుగురు, చేరుకున్నవారు ఇద్దరు: భావి అధ్యాపకుల శిక్షణలో నా అనుభవం

2025 అక్టోబరు 1న నేను ఆరోగ్య శాస్త్రాల విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. పీహెచ్‌డీ చేయించి అధ్యాపకులుగా తయారుచేసే శిక్షణకు దరఖాస్తు పెట్టిన రోజు 2019 జనవరి 21. మధ్యలో గడిచిన ఆరేళ్ల ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో, దేనికోసం ఎంతకాలం ఎదురుచూడవలసి వచ్చిందో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో జరిగిన వరుసలోనే రాస్తున్నాను. పీహెచ్‌డీ పరిశోధన కష్టమా అని వార్డుల్లో పనిచేసే మిత్రులు నన్ను అడుగుతుంటారు. కష్టమే. అయితే మా జట్టులో పరిశోధన కష్టమనిపించి మానినవారు ఒక్కరూ లేరు.

దరఖాస్తు పెట్టేనాటికి నేను ఛాతీ వ్యాధుల వార్డులో పన్నెండేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా ఉన్నాను. విభాగంలో పీహెచ్‌డీ గైడ్‌లుగా ఉన్న తొమ్మిది మందిలో ఐదుగురు వచ్చే ఏడేళ్లలో పదవీ విరమణ చేయబోతున్నారనీ, వారి స్థానాల్లోకి రాగలవారిని ఇప్పటినుంచే తయారుచేసుకోవాలని నిర్ణయించారనీ ప్రకటనలో ఉంది. పీహెచ్‌డీ చేయించడానికి పీహెచ్‌డీ ఉన్నవారే కావాలి. గైడ్‌లు తగ్గితే సీట్లు తగ్గుతాయి, సీట్లు తగ్గితే రేపటి గైడ్‌లు పుట్టరు. పరిచయ సమావేశంలో కో-ఆర్డినేటర్ గారు దీన్ని ఒక్క మాటలో చెప్పారు: "మేము వండుకోవడానికి గింజలు అడగడం లేదు, విత్తనాల గింజల కోసం వెతుకుతున్నాం." ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రకటన చివరన, చిన్న అక్షరాల్లో, నాలుగేళ్లు స్టైపెండ్ ఇస్తామనీ, రెండో ఏడాది తర్వాత బోధనా శిక్షణ తప్పనిసరి అనీ, డిగ్రీ వచ్చాక ఉద్యోగానికి హామీ లేదనీ ఉంది. చదివాను గానీ పట్టించుకోలేదు.

ఇంటర్వ్యూ మార్చి 14న, ఫలితం మే 30న, చేరిక ఆగస్టు 1న. నలభై ఒక్క దరఖాస్తుల్లోంచి ఆరుగురిని తీసుకున్నారు: ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఒక స్పీచ్ థెరపిస్టు, ఒక డైటీషియన్, నేను. అందరం ముప్పై దాటినవాళ్లం, అందరికీ ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లం. ఈ సంగతి ఎంపిక చేసినవారు మా బలంగా లెక్కవేశారు. అది బలమే, కాకపోతే ఖర్చుతో కూడిన బలం.

స్టైపెండ్ నా జీతంలో ఐదింట రెండు వంతులు. ఇది ముందే తెలుసు కాబట్టి ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాం. లెక్కలో లేనివి తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. జీతం లేని సెలవులో ఉన్నంతకాలం సర్వీసు లెక్కలోకి రాదని మూడో నెలలో తెలిసింది. వృత్తి నమోదు కొనసాగాలంటే ఏటా ఇన్ని గంటలు రోగులను చూసి ఉండాలన్న నిబంధన వల్ల ప్రతి శనివారం వార్డులో జీతం లేకుండా పనిచేశాను. ఫీజు మాఫీ అయింది గానీ, పరిశోధనలో పాల్గొనేవారి రవాణా ఖర్చులు, అనువాదాలు, ప్రశ్నావళుల ముద్రణ నా మీదే పడ్డాయి. మొదటి ఏడాది చివరికి మేము దాచుకున్నదాంట్లో మూడో వంతు కరిగిపోయింది.

కోర్సువర్క్ గురించి ఎక్కువ చెప్పను; గణాంకశాస్త్రం చదివిన ఆరు నెలలు తలనొప్పిగా గడిచాయి, అంతే. కానీ ఒక అవమానం గుర్తుంది. వార్డులో జూనియర్లు సందేహం వస్తే నా దగ్గరికి వచ్చేవారు. ఇక్కడ నాకంటే పదేళ్లు చిన్నవాడు, పి-విలువ అంటే ఏమిటో నేను చెప్పిన అర్థం తప్పని అందరి ముందూ మర్యాదగా సరిదిద్దాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ రాజీనామా చేసి వెనక్కి పోదామా అనుకున్నాను. ఒక పనిలో ఆరితేరినవాళ్లు మరో పనిలో మళ్లీ ఓనమాలు దిద్దవలసి రావడం ఎంత మింగుడుపడని విషయమో ఎవరూ ముందుగా చెప్పరు.

2020 మార్చి చివర్లో మహమ్మారి కారణంగా మా ఆరుగురినీ ఆసుపత్రులకు వెనక్కి పిలిచారు. నేను ఏడు నెలలు వార్డులో ఉన్నాను. నవంబరులో ఐదుగురం తిరిగి వచ్చాం, నర్సు రాలేదు. ఆమె అప్పటికే వార్డు ఇన్‌చార్జి బాధ్యతలు తీసుకుంది; ఆమె స్థానంలో పనిచేయడానికి మనిషి లేడని ఆసుపత్రి సెలవును పొడిగించలేదు. ఆమె పేరు జాబితాలోంచి తీసేశారు. ఎందుకు రాలేదని విభాగం నుంచి ఎవరూ ఫోన్ చేయలేదని ఆమె నాకు చాలాకాలం తర్వాత చెప్పింది.

నా పరిశోధనాంశం చిన్నదే. సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగులు పునరావాస శిక్షణ పూర్తయి ఇంటికి వెళ్లాక, వారానికొకసారి ఫోన్ చేసి వ్యాయామం గుర్తుచేస్తే పన్నెండు వారాల తర్వాత వారి నడక సామర్థ్యం నిలబడుతుందా అన్నది ప్రశ్న. కొలమానం ఆరు నిమిషాల నడక పరీక్ష. రోగికి తేడా తెలియాలంటే కనీసం 30 మీటర్ల మార్పు ఉండాలని అంతర్జాతీయ శ్వాసకోశ వైద్య సంఘాలు 2014లో ఇచ్చిన ప్రమాణం చెబుతోంది. మార్పులో ప్రామాణిక విచలనం (రోగికీ రోగికీ మధ్య ఉండే హెచ్చుతగ్గుల కొలత) 60 మీటర్లు అనుకుని, 80% శక్తితో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశంతో) లెక్క వేస్తే, ఫోన్‌లు వచ్చే జట్టు, రాని జట్టు అని ఒక్కో జట్టుకు 64 మంది రావాలి. మధ్యలో 15% మంది తప్పుకుంటారని కలుపుకుంటే 76 మంది చొప్పున మొత్తం 152. మధ్యలో తప్పుకునేవారిని ముందే లెక్కలో వేసుకునే ఈ పద్ధతి నేర్చుకున్న రోజున, మా ఆరుగురిని ఎంపిక చేసినవారు ఈ కూడిక ఎందుకు చేయలేదో అన్న ఆలోచన నాకు రాలేదు. రావలసింది.

ఎథిక్స్ కమిటీకి 2020 నవంబరు 23న పత్రాలు ఇచ్చాను. 2021 జనవరి 29న పద్నాలుగు ప్రశ్నలతో తిరిగివచ్చాయి. వాటిలో పదకొండు అంగీకార పత్రంలోని భాష గురించే. "యాదృచ్ఛిక కేటాయింపు" అన్న మాట రోగికి అర్థం కాదన్నారు. "మీరు ఏ జట్టులో ఉంటారన్నది చీటీ తీసినట్లు నిర్ణయమవుతుంది, ఆ నిర్ణయం మా చేతుల్లో ఉండదు" అని మార్చాను. ఆ సమయంలో విసుక్కున్నాను. తర్వాత రెండేళ్లు రోగుల పక్కన కూర్చుని ఆ పత్రం చదివి వినిపించినప్పుడు, ఆ పదకొండు దిద్దుబాట్లు చేయించిన, ముఖం తెలియని ఆ సభ్యులకు మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను. అనుమతి ఏప్రిల్ 19న వచ్చింది. మొదటి వ్యక్తిని చేర్చుకునేలోపే ట్రయల్‌ను బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయకపోతే తర్వాత పేరున్న పత్రికలు ప్రచురించవు. 2005 నుంచి వైద్య పత్రికల సంపాదకుల నియమం ఇది. ఆ నమోదుకు మరో పదకొండు రోజులు పట్టింది.

అంతా సిద్ధమనుకున్నాక వరండా అడ్డం వచ్చింది. ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల నిడివి ఉన్న చదునైన దారి కావాలి. మా ఆసుపత్రిలో నేను పన్నెండేళ్లుగా రోగులను నడిపించిన వరండాను టేపుతో కొలిస్తే 22 మీటర్లే ఉంది. దారి పొట్టిదైతే ఎక్కువసార్లు వెనక్కి తిరగాలి, తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది, మొత్తం దూరం తక్కువ వస్తుంది. 30 మీటర్లున్నది పరిపాలనా భవనంలోని వరండా ఒక్కటే. అక్కడ ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు నడిపించుకోవడానికి అనుమతి రావడానికి నెలన్నర పట్టింది. ఆక్సిజన్ సిలిండరు, పల్స్ ఆక్సీమీటరు, కుర్చీ, రెండు కోన్‌లు రోజూ మోసుకెళ్లి తీసుకొచ్చాను. పైగా కొలిచేవారికి రోగి ఏ జట్టులో ఉన్నాడో తెలియకూడదు, అంటే ఫోన్‌లు చేసే నేను కొలవకూడదు. ఇద్దరు పాత సహోద్యోగులు వంతులవారీగా కొలిచారు, బదులుగా వారి ఆదివారపు డ్యూటీలు నేను చేశాను. పరిశోధన ఖర్చు పట్టికలో ఆ ఆదివారాలకు గడి లేదు.

మొదటి రోగి 2021 జులైలో చేరారు. పదిహేను నెలల్లో ముగుస్తుందనుకున్న కొలతలు ఇరవై ఏడు నెలలు సాగి 2023 అక్టోబరులో పూర్తయ్యాయి. 431 మందిని పరిశీలిస్తే 152 మంది చేరారు, 131 మంది చివరిదాకా ఉన్నారు. తప్పుకున్న ఇరవై ఒక్క మందిలో ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి కారణం రాసుకున్నాను. ఎంతమంది చేరారో, ఎవరు ఎందుకు తప్పుకున్నారో తెలిపే కన్సార్ట్ పటంలో చూపించాలంటే రాసుకోక తప్పదు. ఇద్దరు మరణించారు, ఆరుగురు ఊరు మారారు, నలుగురికి తీసుకొచ్చే మనిషి లేడు, ఇలా.

ఈలోగా 2021 సెప్టెంబరులో బోధనా శిక్షణ మొదలైంది. రోగులకు నేర్పడంలో నాకు పన్నెండేళ్ల అనుభవం ఉంది కదా, ఇందులో నేర్చుకునేదేముంటుందని ధీమాగా వెళ్లాను. 1960ల్లో స్టాన్‌ఫోర్డ్‌లో పుట్టిన సూక్ష్మబోధన పద్ధతి అది: ఏడు నిమిషాల పాఠం, ఒకటే నైపుణ్యం, ముందు ఐదుగురు శ్రోతలు, ఎదురుగా కెమెరా. పాఠం అయ్యాక వీడియో చూపించారు. ఏడు నిమిషాల్లో "అర్థమైంది కదా" అని ఇరవై మూడుసార్లు అన్నాను. ఒక్కసారి కూడా జవాబు కోసం ఆగలేదు. ఎక్కువసేపు తెర వైపే తిరిగి ఉన్నాను. నన్ను నేను చూసుకుంటూ సిగ్గుతో కుంచించుకుపోయాను.

శిక్షకురాలు ఒకటే అడిగారు: "వార్డులో శ్వాస వ్యాయామం నేర్పాక రోగిని ఏమని అడుగుతారు?" చేసి చూపించమంటాను అన్నాను. "మరి ఇక్కడ?" అన్నారు. వైద్య విద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో గీసిన పిరమిడ్‌ను అంతకుముందు వారమే పరీక్ష కోసం బట్టీపట్టాను. తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపించడం, నిజంగా పనిలో చేయడం అన్న నాలుగు మెట్లు నోటికి వచ్చు. అయినా తరగతి గది గడప దాటగానే పన్నెండేళ్ల వృత్తి అలవాటును బయట వదిలేసి, నన్ను చిన్నప్పుడు కూర్చోబెట్టి చెప్పినవారిలాగే నిలబడి చెప్పేశాను. రెండో ప్రయత్నంలో "అర్థమైంది కదా" నాలుగుకు తగ్గింది. మూడోసారి పాఠం మధ్యలో ఆగి శ్రోతల్లో ఒకరిని లేపి చేయమన్నాను. ఆయన తప్పు చేశారు, ఆ తప్పు నుంచే మిగిలిన పాఠం నడిచింది. అధ్యాపక వృత్తిలో నాకు మొదటి సంతోషం ఆ నాలుగు నిమిషాల్లో దొరికింది. అంతవరకు నేను పీహెచ్‌డీ కోసమే వచ్చాను, పాఠం చెప్పడం దానికి చెల్లించే మూల్యం అనుకున్నాను.

మూల్యాంకనం ఇంకో పాఠం. 2022 మేలో, విద్యార్థులు ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేసి చూపించే ఓస్కీ పరీక్షలో, ఒక స్టేషన్‌కు నన్ను పరీక్షకురాలిగా పెట్టారు. నాతోపాటు ఒక సీనియర్ అధ్యాపకుడు అదే ముప్పై మందికి విడిగా మార్కులు వేశారు. ఉత్తీర్ణత విషయంలో మా ఇద్దరి తీర్పులు ఎంతవరకు కలిశాయో కప్పా అనే సూచీతో (పూర్తిగా కలిస్తే 1) లెక్కిస్తే 0.38 వచ్చింది, గట్టి ఏకీభావం అనిపించుకునే అంకె కాదు. వ్యాయామానికి ముందు రోగి ఆక్సిజన్ స్థాయి చూడనివారందరినీ నేను ఫెయిల్ చేశాను. ఆయన అది ఒక మార్కు విషయంగా చూశారు. ఇద్దరం గంటన్నర వాదించుకున్నాం. ఆయన మార్కుల పట్టిక ప్రకారం సరైనవారు, నేను వార్డు ప్రకారం. మరుసటి ఏడాది పట్టికలోనే ఆ అంశాన్ని తప్పనిసరి చేశారు. వార్డు నుంచి వచ్చినవారు అధ్యాపకులుగా మారితే విద్యార్థులకు దక్కేదేమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క గడినే చూపిస్తాను.

2022 నవంబరులో ఆక్యుపేషనల్ థెరపిస్టు గైడ్ గారు అనారోగ్యంతో ముందస్తు విరమణ తీసుకున్నారు. మరో గైడ్‌ను కేటాయించడానికి ఎనిమిది నెలలు పట్టింది. కొత్త గైడ్ గారి అభిరుచి వేరు, అంశం మార్చుకోమన్నారు. మూడేళ్ల పనిని మొదటి నుంచి మొదలుపెట్టలేక అతను 2023 ఆగస్టులో మానేశాడు. వీడ్కోలుకు మేము నలుగురం వెళ్లాం, అంతే.

అదే సమయానికి, 2023 జులై 31తో, మా అందరి స్టైపెండ్ ఆగిపోయింది. మహమ్మారిలో పోయిన ఏడు నెలలకు పొడిగింపు అడిగాం. నాలుగేళ్లు అంటే క్యాలెండరు ప్రకారం నాలుగేళ్లే అని జవాబు వచ్చింది. నా దగ్గర ఇంకా మూడు నెలల కొలతలు, ఆపైన విశ్లేషణ, రచన మిగిలి ఉన్నాయి. పది నెలలు ఆదాయం లేకుండా గడిపాను. పుస్తెలతాడు తప్ప ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకుకు వెళ్లింది. ఫార్మసిస్టుకు ముగ్గురు పిల్లలు. ఆగస్టు మూడో వారంలో ఒక కంపెనీలో చేరాడు. "సాయంత్రాలు కూర్చుని రెండు అధ్యాయాలు రాసేస్తాను" అన్నాడు. మేమూ నమ్మాం.

నా ఫలితం 2024 జనవరిలో తేలింది. రెండు జట్ల మధ్య తేడా 14 మీటర్లు, 95% విశ్వసనీయతా అవధి (అసలు తేడా ఉండగల పరిధి) -7 నుంచి 35 వరకు; సున్నా కూడా అందులోనే ఉంది. అంటే ఫోన్‌లు పనిచేశాయని చెప్పలేను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. గైడ్ గారు మాత్రం ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరికిందా లేదా అనేదే చూడమన్నారు. మే 17న థీసిస్ సమర్పించాను. బయటి పరీక్షకుల్లో ఒకరు రెండు నెలల్లో నివేదిక పంపారు. రెండోవారు మూడుసార్లు గుర్తుచేసినా జవాబివ్వకపోవడంతో వేరొకరిని నియమించారు. మొత్తం ఏడున్నర నెలలు. వైవా 2025 జనవరి 9న జరిగింది, ఫలితం ప్రతికూలమైనందుకు ఎవరూ నిలదీయలేదు. 22 మీటర్ల వరండా గురించి మాత్రం ఇరవై నిమిషాలు అడిగారు. వ్యాసాన్ని మొదటి పత్రిక తొమ్మిది రోజుల్లో, రెండోది ఐదు నెలలకు తిప్పిపంపాయి, మూడోది తీసుకుంది.

ఉద్యోగ ప్రకటన మార్చిలో, ఇంటర్వ్యూ జూన్‌లో, ఉత్తరువు సెప్టెంబరు 12న. ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాల పాఠం చెప్పమన్నారు. సూక్ష్మబోధన చేయకపోయి ఉంటే అక్కడే తేలిపోయేదాన్ని. రానున్న ఐదేళ్ల పరిశోధనా ప్రణాళిక అడుగుతారని తెలుసు, రాసుకెళ్లాను. ఎంతమంది విద్యార్థులను ఏకకాలంలో గైడ్ చేయగలరని అడుగుతారని తెలియదు. ఒక్కరినైనా చేయగలిగితే చాలన్నాను.

డైటీషియన్‌కు అదే నెలలో ఉత్తరువు వచ్చింది. స్పీచ్ థెరపిస్టు మా అందరికంటే ముందే, 2024 చివర్లో, డిగ్రీ తీసుకుంది. మా జట్టులో ఆమెను మించి పాఠం చెప్పగలవారు లేరు. అధ్యాపక ఉద్యోగపు మొదటి జీతం ఆమె ఆసుపత్రిలో వదిలి వచ్చిన జీతం కంటే తక్కువ. నాలుగేళ్ల అప్పు తీర్చుకోవలసినవారు ఆ ఉత్తరువు మీద సంతకం పెట్టరు. ఆమె తిరిగి ఆసుపత్రికే వెళ్లింది.

నేను చేరిన మూడో వారంలో కొత్త జట్టు ఎంపిక సమావేశానికి పిలిచారు. పాత జట్టు ఫలితాల పట్టిక తెర మీద పెట్టారు: చేరినవారు 6, డిగ్రీ పొందినవారు 3, అధ్యాపకులైనవారు 2. పక్కన "కారణాలు" అన్న గడి ఖాళీగా ఉంది. 152 మంది రోగుల్లో ఇరవై ఒక్క మంది ఎందుకు తప్పుకున్నారో నేను పేరుపేరునా చెప్పగలను. మాలో నలుగురి గురించి సంస్థ దగ్గర ఒక్క వాక్యం లేదు. వారం గడువు అడిగి నలుగురికీ ఫోన్ చేసి గడి నింపాను. సెలవు పొడిగించని ఆసుపత్రి, రెండో గైడ్ లేకపోవడం, క్యాలెండరు ప్రకారం ఆగిపోయిన స్టైపెండ్, తక్కువ జీతం. మొదటి రోజే ప్రతి ఒక్కరికీ ఇద్దరు గైడ్‌లను పెట్టాలన్నది ఒప్పుకున్నారు. ఐదో ఏడాది స్టైపెండ్ పరిశీలనలో ఉంది. ఆసుపత్రులతో సెలవు ఒప్పందానికి ఒక ఉత్తరం వెళ్లింది. జీతం మాట తమ పరిధిలో లేదన్నారు.

ఆ ఫోన్‌లలో ఫార్మసిస్టుతో మాట్లాడింది అన్నింటికంటే ఎక్కువసేపు. పునర్నమోదుకు గడువు ఇంకా ఉందని అతనికి తెలియదు. నాకు సొంతంగా గైడ్ చేసే అర్హత రావడానికి ఇంకా సమయం ఉంది. అతని పాత గైడ్ గారి అనుమతితో సహ గైడ్‌గా నా పేరు పెట్టుకున్నాం. మొన్న గురువారం నాలుగో అధ్యాయం ఫైలు పంపాడు. తెరిచి చూస్తే ఒక వాక్యం మధ్యలో ఆగి ఉంది. చివరిసారి సేవ్ చేసిన తేదీ 2023 ఆగస్టు 20.